బ్లాగు, వికీ: తేడాలేమిటి? ఏది ఎందుకు?

2004 డిసెంబరు 26 ఉదయం హిందూ మహాసముద్రంలో సునామీ వచ్చింది. ఇండోనేషియా నుంచి శ్రీలంక, తమిళనాడు, ఆంధ్ర తీరాల దాకా సముద్రపు ఒడ్డున ఉన్న ఊళ్లు దెబ్బతిన్నాయి. అప్పుడే కొందరు భారతీయులు చొరవ తీసుకుని, ఆగ్నేయాసియా భూకంపం, సునామీ పేరుతో ఒక బ్లాగు తెరిచారు. హెల్ప్‌లైన్ నంబర్లు, తప్పిపోయినవారి వివరాలు, విరాళాలు పంపాల్సిన చిరునామాలు, ఎక్కడ ఏ సాయం కావాలన్న కబుర్లు అందినవి అందినట్టే అందులో పెట్టారు. వేర్వేరు దేశాల నుంచి వాలంటీర్లు వచ్చి చేరారు.

వేగంలో బ్లాగును మించిన సాధనం ఆ రోజుల్లో లేదు. కానీ ఒక చిక్కు ఉంది. బ్లాగులో కొత్త టపా పైకి వస్తుంది, పాతది కిందికి జారిపోతుంది. పొద్దున పెట్టిన ఫోన్ నంబరు సాయంత్రానికి పది టపాల అడుగున పడుతుంది. ఆ నంబరు మారితే కొత్త టపా రాస్తారు గానీ పాతది చూసినవాళ్లు పాత నంబరుకే ఫోన్ చేస్తారు. అందుకే ఆ బృందం బ్లాగుతోపాటు వికీని కూడా వాడుకుంది. 2005లో అమెరికాలో కత్రినా తుపాను వచ్చినప్పుడు ఇలాంటి సహాయ సమాచారాన్నే వికీలో పోగు చేశారు. వార్త చెప్పడానికి ఒక సాధనం, అదే వార్తను పదిలంగా సర్ది ఉంచడానికి మరొక సాధనం కావాలని ఆ అనుభవం తేల్చింది.

క్లుప్తంగా చెప్పాలంటే, బ్లాగు తేదీల వారీగా రాసుకుంటూ పోయే పుస్తకం. వికీ విషయాల వారీగా దిద్దుకుంటూ పోయే పుస్తకం. మొదటిదానికి ఒక సొంతదారు ఉంటారు. రెండోదానిలో ఏ పుటకూ సొంతదారు ఉండరు. మిగిలిన తేడాలు చాలావరకు ఈ రెండింటి నుంచే పుడతాయి.

పుట్టుక

రెండు పేర్లలో 'వికీ' ముందు వచ్చింది. 1995 మార్చి 25న అమెరికన్ ప్రోగ్రామర్ వార్డ్ కన్నింగ్‌హామ్ మొదటి వికీని ప్రారంభించారు. తోటి ప్రోగ్రామర్లు తమ పని పద్ధతులను పంచుకోవడానికి ఒక చోటు కల్పించడం ఆయన ఉద్దేశం. చదివే వ్యక్తే అదే పుటలో 'మార్చు' అన్న మీట నొక్కి రాయగలగడం అందులోని కొత్తదనం. హవాయి భాషలో 'వికీ' అంటే త్వరగా అని అర్థం. హొనొలులు విమానాశ్రయంలో టెర్మినళ్ల మధ్య తిరిగే 'వికీ వికీ' బస్సు గుర్తుకొచ్చి ఆయన ఆ పేరు పెట్టారు.

'వెబ్‌లాగ్' అన్న మాటను 1997లో జార్న్ బార్గర్ వాడారు. తాను ఇంటర్నెట్‌లో చూసినవాటిని రోజూ నమోదు చేసే పుటకు ఆయన పెట్టుకున్న పేరది. 1999లో పీటర్ మెర్‌హోల్జ్ సరదాగా ఆ మాటను విరిచి 'బ్లాగ్' చేశారు. అదే ఏడాది ఆగస్టులో 'బ్లాగర్' సేవ మొదలైంది. 2003లో దాన్ని గూగుల్ కొనుక్కుంది. వర్డ్‌ప్రెస్ వచ్చింది కూడా 2003లోనే. ఈ రెండింటి వల్ల ప్రోగ్రామింగ్ తెలియనివారు, సర్వర్ అంటే ఏమిటో ఎరగనివారు కూడా తమ పేరుతో ఒక వెబ్ చిరునామా పెట్టుకోగలిగారు.

వికీ మాత్రం కొన్నేళ్లపాటు ప్రోగ్రామర్ల లోకానికే పరిమితమైంది. దాన్ని జనంలోకి తెచ్చింది వికీపీడియా. దానికి ముందు జిమ్మీ వేల్స్, లారీ సాంగర్‌లు న్యూపీడియా అనే విజ్ఞాన సర్వస్వాన్ని నడిపారు. అందులో నిపుణులు రాయాలి, మరికొందరు నిపుణులు అనేక దశల్లో పరిశీలించాలి. పని నత్తనడక నడిచింది. న్యూపీడియాకు ముడిసరుకు అందించడానికని 2001 జనవరి 15న వికీపీడియాను తెరిచారు. కొద్ది కాలంలోనే పక్కన పెట్టిన చిత్తుపుస్తకం అసలు పుస్తకాన్ని మించిపోయింది. న్యూపీడియా 2003లో మూతపడింది.

కాలం వారీగా ఒకటి, విషయం వారీగా ఒకటి

బ్లాగు టపాకు తేదీ ఉంటుంది. ఆ తేదీ టపా అర్థంలో భాగం. వికీ పుటకు తేదీ ఉండదు. అది ఎప్పుడు తెరిచినా ఇవాళ్టి మాటే చెప్పాలి.

దీనికి మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. 2016 అక్టోబరులో తెలంగాణలో జిల్లాలు 10 నుంచి 31కి పెరిగాయి. 2019లో అవి 33 అయ్యాయి. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. నిర్మల్ కొయ్యబొమ్మల గురించి 2010లో ఒకరు టపా రాస్తూ 'ఆదిలాబాద్ జిల్లా నిర్మల్' అన్నారనుకుందాం. ఆ మాట ఇప్పటికీ తప్పు కాదు. 2010లో నిర్మల్ ఆ జిల్లాలోనే ఉంది. ఆ టపాను దిద్దితేనే తప్పవుతుంది. అదే మాట వికీపీడియాలో నిర్మల్ వ్యాసంలో ఇవాళ కనబడితే అది తప్పు. ఎవరో ఒకరు వెళ్లి మార్చాలి. జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగిన ప్రతిసారీ తెలుగు వికీపీడియాలో వేల గ్రామాల పుటలు, మండలాల పుటలు, వాటిలోని పటాలు, వర్గాలు సవరించాల్సి వచ్చింది. బ్లాగర్లకు ఆ బెడద లేదు.

అయితే వికీ తన గతాన్ని పారేయదు. ప్రతి పుటకూ 'చరిత్ర' అనే ట్యాబ్ ఉంటుంది. ఎవరు, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ అక్షరం మార్చారో అందులో నమోదవుతుంది. ఏ రెండు కూర్పులనైనా పక్కపక్కన పెట్టి తేడా చూడవచ్చు. పాత కూర్పును ఒక్క నొక్కుతో వెనక్కి తేవచ్చు. బ్లాగులో ఈ సౌకర్యం పాఠకుడికి ఉండదు. రాసిన వ్యక్తి నిన్నటి టపాలో ఒక వాక్యం చెరిపేస్తే చదివేవారికి ఆనవాలు కూడా దొరకదు. మార్పు చేసినప్పుడు పాత వాక్యాన్ని కొట్టివేతతో ఉంచి కింద సవరణ అని రాయడం మంచి బ్లాగర్లు పాటించే మర్యాద. అది మర్యాదే గాని నియమం కాదు.

వ్యాఖ్యల పెట్టె, చర్చ పుట

బ్లాగులో పాఠకుడు టపా కింద వ్యాఖ్య రాస్తాడు. రచయిత ఒప్పుకోవచ్చు, వాదించవచ్చు, వ్యాఖ్యను తీసేయవచ్చు. ఇల్లు రచయితది, పాఠకుడు అతిథి. ఆ సంభాషణ ఎంత బాగా సాగినా పైనున్న టపా మారాలన్న నిబంధన లేదు.

వికీలో ప్రతి వ్యాసానికీ ఒక 'చర్చ' పుట ఉంటుంది. అక్కడ జరిగే వాదన అంతా వ్యాసంలో ఏ వాక్యం ఉండాలి, ఏది పోవాలి అన్నదాని గురించే. తెలుగు వికీపీడియాలో మొత్తం సముదాయం మాట్లాడుకునే చోటుకు 'రచ్చబండ' అని పేరు పెట్టారు. పేరు సరిగ్గా అతికింది. ఊరి రచ్చబండ దగ్గర లాగే ఇక్కడా ఓపిక ఉన్నవాడి మాటే చివరికి నిలుస్తుంది. వికీలో విషయం తెలిసి ఉండటంతోపాటు, ఒక వాక్యం కోసం వారం రోజులు మర్యాదగా వాదించగలిగే ఓర్పు కూడా ఉండాలి. అది లేని పండితులు ఎందరో రెండు దిద్దుబాట్లు చేసి వెళ్లిపోయారు. బ్లాగులో అదే పండితుడు తన ఇంట్లో తాను రాజు.

కాపలా పద్ధతి కూడా వేరు. బ్లాగులో ప్రచురణకు ముందే రచయిత చూసుకుంటారు. వికీలో మార్పు ముందు ప్రచురితమవుతుంది, పరిశీలన తరవాత జరుగుతుంది. 'ఇటీవలి మార్పులు' జాబితాను కొందరు రోజూ గమనిస్తారు. తమకు ఆసక్తి ఉన్న పుటలను 'వీక్షణ జాబితా'లో పెట్టుకుంటారు. దుశ్చర్య కనబడితే రద్దు చేస్తారు. గొడవ ముదిరితే నిర్వాహకులు ఆ పుటకు తాత్కాలికంగా తాళం వేస్తారు. ఈ కాపలా ఎంత గట్టిదన్నది కాపలాదారుల సంఖ్య మీద ఆధారపడుతుంది. లక్షలమంది చూసే ఇంగ్లిష్ పుటలో తప్పు నిమిషాల్లో పోవచ్చు. ఎవరూ తొంగిచూడని చిన్న భాష పుటలో ఏళ్లతరబడి ఉండిపోవచ్చు.

తెలుగులో రెండు దారులు

ఇంటర్నెట్ తొలి రోజుల్లో తెలుగు పత్రికల సైట్లు ఒక్కొక్కటీ ఒక్కో సొంత ఫాంటు వాడేవి. ఆ ఫాంటు లేకపోతే తెరమీద అర్థం లేని గుర్తులే కనబడేవి. అలా రాసిన తెలుగు సెర్చి ఇంజిన్లకు దొరికేది కాదు. యూనికోడ్ వచ్చాకే తెలుగు అక్షరం ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు అక్షరంగా నిలబడింది. తెలుగు బ్లాగులకూ తెలుగు వికీపీడియాకూ పునాది అదే.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. మొదటి ఏడాదిన్నర అందులో పెద్దగా కదలిక లేదు. 2005 తరవాత తెలుగు బ్లాగులు పెరుగుతూ వచ్చాయి. ఇంగ్లిష్ కీబోర్డు మీద తెలుగు రాయడానికి 'లేఖిని' వంటి ఉపకరణాలు వచ్చాయి. ఏ బ్లాగులో కొత్త టపా వచ్చిందో ఒకేచోట చూపించే 'కూడలి', 'జల్లెడ', 'హారం', 'మాలిక' వంటి సంకలినులు వచ్చాయి. హైదరాబాదులోని ఉద్యోగి, అమెరికాలోని ఇంజనీరు, పల్లెలోని ఉపాధ్యాయుడు ఒకే పుటలో పక్కపక్కన కనిపించేవారు. బాల్యపు జ్ఞాపకాలు, పద్యాలు, సినిమా సమీక్షలు, రాజకీయ వాదాలు, వంటలు, పుస్తక పరిచయాలు, పేరడీలు ఏదైనా రాసేవారు. పత్రిక సంపాదకుడి గడప తొక్కకుండానే రచయితలైన తరం అది.

ఆ బ్లాగర్లలో కొందరు వికీపీడియాలో కూడా రాశారు. 'టపా', 'వ్యాఖ్య', 'వాడుకరి', 'మొలక', 'అంతర్జాలం' వంటి మాటలు ఈ రెండు చోట్లా తిరిగి నలిగి స్థిరపడ్డాయి. కంప్యూటర్ వ్యవహారాలను తెలుగులో చెప్పవచ్చని చూపించిన ఘనత ఎక్కువగా వాళ్లదే.

తరవాత దారులు విడిపోయాయి. ఫేస్‌బుక్, వాట్సాప్ విస్తరించాక బ్లాగులో రాసే మాటలు అక్కడికి తరలిపోయాయి. అక్కడ స్పందన వెంటనే వస్తుంది. టపా రాసి వ్యాఖ్య కోసం రెండు రోజులు ఎదురుచూసే ఓపిక తగ్గింది. ఎన్నో బ్లాగులను ఒకేచోట చదవడానికి ఉపయోగపడిన గూగుల్ రీడర్ 2013 జులైలో మూతపడింది. తెలుగు సంకలినుల వెలుగు కూడా తగ్గింది. ఎవరో ఒకరు సొంత సమయం, సొంత డబ్బు పెట్టి నడిపిన సేవలవి. సంకలిని ఆగిపోయాక దాని మీద ఆధారపడిన బ్లాగులు తెరిచే ఉన్నా వాటికి దారి తెలియకుండా పోయింది.

వికీపీడియా తెలుగులో నెమ్మదిగా పెరుగుతూ లక్ష వ్యాసాలు దాటింది. ఈ సంఖ్యను చూసి మురిసిపోయే ముందు లోపల ఏముందో చూడాలి. అందులో పెద్ద భాగం గ్రామాల పుటలు. జనగణన వివరాలను ఒకే మూసలో పోసి తయారు చేసినవి చాలా ఉన్నాయి. ఎంతమంది జనాభా, బడి ఎంత దూరం, సాగు భూమి ఎంత అన్నవి ఉంటాయి గాని ఊరి గురించి ఊరివాళ్లకు తెలిసింది ఉండదు. గూగుల్ ఒక దశలో తన అనువాద ఉపకరణంతో భారతీయ భాషల్లోకి వ్యాసాలను పెద్ద ఎత్తున తర్జుమా చేయించింది. తెలుగులోనూ అలాంటివి చేరాయి. వాటిలోని కృతకమైన తెలుగును ఏం చేయాలన్న చర్చ ఏళ్లపాటు నడిచింది. రాసేవాళ్లు కొద్దిమంది, దిద్దాల్సినవి వేలు. చిన్న భాషల వికీలన్నిటికీ ఉన్న బాధే ఇది.

ఎవరి మాట చెల్లుతుంది?

వికీపీడియాకు కొన్ని మూల నియమాలున్నాయి. దృక్కోణం తటస్థంగా ఉండాలి. రాసిన సంగతికి బయట ప్రచురితమైన నమ్మదగిన మూలం చూపాలి. రచయిత తన సొంత పరిశోధనను గాని, తాను కళ్లారా చూసినదాన్ని గాని ఆధారంగా పెట్టకూడదు. ఒక వ్యక్తికో సంస్థకో వ్యాసం ఉండాలంటే వారి గురించి ఇతరులు తగినంతగా రాసి ఉండాలి. ఇవన్నీ సబబైన నియమాలే. ఇవి లేకపోతే ఎవరికి వారు తమ గురించి తామే విజ్ఞాన సర్వస్వం రాసుకుంటారు.

కానీ ఈ నియమాలు మన దగ్గరికొచ్చేసరికి ఒక ఖాళీని వదులుతాయి. ఒక ఊళ్లో పాత చెరువు ఉందనుకుందాం. ఆ చెరువు కింద నలభై ఏళ్లు నీళ్లు పంచిన నీరటికాడు ఇంకా బతికే ఉన్నాడు. ఏ తూము ఎప్పుడు తెరవాలి, కరువు ఏడాది చివరి మడికి నీళ్లెలా అందించేవారు, అలుగు పారినప్పుడు ఊరు ఏం చేసేది అన్నవన్నీ ఆయన నోట ఉన్నాయి. ఏ పుస్తకంలోనూ లేవు. ఆయన మనవరాలు అవన్నీ విని రాయాలనుకుంటే వికీపీడియా తీసుకోదు. మూలం ఏదని అడుగుతుంది. తాత చెప్పాడంటే అక్కడ చెల్లదు.

బ్లాగులో చెల్లుతుంది. 'మా తాత చెప్పాడు, నేను విన్నాను, ఫలానా రోజున రాశాను' అన్న మూడు ముక్కలే దానికి ఆధారం. ఆ టపా సాక్ష్యం లాంటిది. సాక్షి ఎవరో తెలుస్తుంది, ఎక్కడ నిలబడి చూశారో తెలుస్తుంది. నమ్మాలో లేదో చదివేవారు తేల్చుకుంటారు. వికీ పుట పదిమంది సాక్ష్యాలను విని రాసుకున్న నివేదిక లాంటిది. సాక్ష్యం ఎవరూ చెప్పకపోతే నివేదికలో రాయడానికి ఏమీ ఉండదు.

చిక్కేమిటంటే, సొంత బ్లాగును వికీపీడియా సాధారణంగా నమ్మదగిన మూలంగా ఒప్పుకోదు. ఆ రంగంలో గుర్తింపు ఉన్న నిపుణులు రాసినదైతే కొంత వెసులుబాటు ఉంటుంది. అంటే మనవరాలి టపా నేరుగా వికీలోకి ఎక్కదు. ఆ టపా చదివి ఒక విలేకరి ఆ ఊరికి వెళ్లి రాస్తే, ఒక పరిశోధకుడు తన పుస్తకంలో వాడుకుంటే అప్పుడు ఎక్కుతుంది. ఇంగ్లిష్‌లో స్థానిక చరిత్రల మీద పుస్తకాలు, పాత పత్రికల డిజిటల్ నిధులు బోలెడు ఉన్నాయి కాబట్టి ఈ మెట్లు ఇబ్బంది పెట్టవు. తెలుగులో మధ్య మెట్లు చాలాచోట్ల లేవు. మన పాత పత్రికల్లో అధిక భాగం ఇంకా వెతకడానికి వీలయ్యే రూపంలోకి రాలేదు.

తప్పు దొర్లితే

2005లో ఇంగ్లిష్ వికీపీడియాలో అమెరికన్ పాత్రికేయుడు జాన్ సీగెన్‌థాలర్ మీద ఒక పుట ఉండేది. కెనడీ సోదరుల హత్యల్లో ఆయనకు ప్రమేయం ఉందని ఒకప్పుడు అనుమానించారని ఎవరో అందులో రాశారు. అది పూర్తిగా కల్పన. నాలుగు నెలలపాటు ఎవరూ గమనించలేదు. సంగతి బయటపడ్డాక, ఖాతా తెరవనివారు ఇంగ్లిష్‌లో కొత్త పుటలు సృష్టించకుండా వికీపీడియా ఆంక్ష పెట్టింది. బతికున్న వ్యక్తుల గురించి రాసేటప్పుడు మరింత కఠినంగా ఉండే నియమాలు తరవాత వచ్చాయి.

అదే ఏడాది డిసెంబరులో 'నేచర్' పత్రిక విజ్ఞానశాస్త్ర విషయాల మీద 42 వ్యాసాలను తీసుకుని వికీపీడియానూ బ్రిటానికానూ నిపుణులతో పోల్చి చూపించింది. సగటున ఒక్కో వ్యాసానికి వికీపీడియాలో నాలుగు, బ్రిటానికాలో మూడు పొరపాట్లు తేలాయి. ఆ పోలిక పద్ధతిని బ్రిటానికా గట్టిగా తప్పుపట్టింది, నేచర్ తన మాట మీద నిలబడింది. ఈ రెండు సంఘటనలనూ కలిపి చదివితే వికీ స్వభావం బోధపడుతుంది. పదిమంది చూసే పుట బాగుంటుంది. ఎవరూ చూడని పుట ప్రమాదం.

బ్లాగులో తప్పును రచయిత దిద్దితేనే దిద్దినట్టు. అయితే అక్కడ అన్నది ఎవరో తెలుసు. నిలదీయడానికి ఒక మనిషి ఉంటాడు.

రాజ్యం, చట్టం, బ్లాగరు ప్రాణం

ఈ తేడా దక్షిణాసియాలో చాలా ఖరీదైనది. రాసినవారి పేరు తెలియడం వల్ల ఏమవుతుందో బంగ్లాదేశ్ చూపించింది. 2013 ఫిబ్రవరిలో ఢాకాలోని షాబాగ్ కూడలిలో యుద్ధ నేరస్థులకు మరణశిక్ష కోరుతూ మొదలైన ఉద్యమానికి తొలి పిలుపునిచ్చింది బ్లాగర్లు, ఆన్‌లైన్ కార్యకర్తల వేదిక. ఆ నెలలోనే అహ్మద్ రాజీబ్ హైదర్ అనే బ్లాగరును చంపారు. ఏప్రిల్‌లో మతాన్ని కించపరిచారంటూ నలుగురు బ్లాగర్లను పోలీసులు అరెస్టు చేశారు. 2015 ఫిబ్రవరి 26న 'ముక్తో మొనా' స్థాపకుడు అవిజిత్ రాయ్‌ని ఢాకా పుస్తక ప్రదర్శన నుంచి బయటికి వస్తుండగా నరికి చంపారు. అదే ఏడాది వాషిఖుర్ రహ్మాన్, అనంత విజయ్ దాస్, నీలాద్రి చటోపాధ్యాయ్‌లు కూడా హత్యకు గురయ్యారు. బ్లాగుకున్న బలం దాని గొంతు. ఆ గొంతును నొక్కాలనుకున్నవారికి చిరునామా వెతుక్కోవడం కూడా సులువే.

మన దేశంలో బ్లాగులకు తగిలిన తొలి పెద్ద దెబ్బ 2006 జులైలోది. ముంబయి రైళ్లలో పేలుళ్ల తరవాత కొన్ని పుటలను మూసేయాలని టెలికాం శాఖ ఆదేశించింది. ఇంటర్నెట్ కంపెనీలు కొన్ని పుటలకు బదులు ఏకంగా బ్లాగ్‌స్పాట్ మొత్తాన్నీ ఆపేశాయి. వంటల బ్లాగు, కవితల బ్లాగు అన్నీ కొన్నాళ్లు తెరుచుకోలేదు. ఆన్‌లైన్ రాతల మీద అరెస్టులకు వాడిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో కొట్టివేసింది. పరువునష్టం చట్టం మాత్రం అలాగే ఉంది. బ్లాగరు తాను రాసినదానికి తానే జవాబుదారు.

వికీ విషయంలో రాజ్యం ముందుగా వెళ్లేది వేదిక దగ్గరికి. పాకిస్తాన్ 2023 ఫిబ్రవరిలో దైవదూషణ ఉన్న పుటలు తీసేయలేదంటూ వికీపీడియా మొత్తాన్నీ నిషేధించింది. కొద్ది రోజులకే ప్రధాని ఆదేశంతో పునరుద్ధరించింది. మన దేశంలో 2024 జులైలో ఏఎన్ఐ వార్తాసంస్థ తన గురించి ఇంగ్లిష్ వికీపీడియాలో ఉన్న రాతల మీద ఢిల్లీ హైకోర్టులో 2 కోట్ల రూపాయలకు పరువునష్టం దావా వేసింది. ఆ మార్పులు చేసిన వాడుకరుల వివరాలు ఇవ్వాలని కోర్టు ఆదేశించింది. ఈ కేసు గురించే వికీపీడియాలో రాసిన మరో పుటను తీసేయాలని కూడా అక్టోబరులో ఆదేశాలు వచ్చాయి. వికీమీడియా ఫౌండేషన్ ఆ పుటను మూసింది. 2025 మే 9న సుప్రీంకోర్టు ఆ తొలగింపు ఉత్తర్వును రద్దు చేస్తూ, న్యాయస్థానాల పనితీరు మీద బహిరంగ చర్చకు చోటుండాలని చెప్పింది.

ఐటీ చట్టం 79వ సెక్షన్ కింద, ఇతరులు రాసినదాన్ని ప్రచురించే వేదికలకు కొన్ని షరతులతో రక్షణ ఉంది. వికీపీడియా ఆ గొడుగు కిందే నిలబడాలని చూస్తుంది. కానీ వేదిక వెనక ఉన్న అజ్ఞాత సంపాదకుల పేర్లు కోర్టు మెట్లెక్కితే స్వచ్ఛందంగా రాసేవాళ్లు వివాదాస్పద పుటల జోలికి పోవడం మానేస్తారు. అప్పుడు ఆ పుటలు జీతానికి రాసేవాళ్ల చేతుల్లోకి పోతాయి. అదే సమయంలో, తన మీద అబద్ధం రాస్తే ఎవరిని అడగాలన్న మామూలు మనిషి ప్రశ్న కూడా న్యాయమైనదే. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలన్నది ఇంకా తేలలేదు.

హక్కులు, ఆయుష్షు

బ్లాగు టపా మీద కాపీరైటు రచయితదే. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన తరవాత 60 ఏళ్ల దాకా అది కుటుంబానికి ఉంటుంది. ఎవరైనా ఎత్తి వాడుకుంటే అడిగే హక్కు ఉంది. వికీపీడియాలో రాసినది క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కిందికి పోతుంది. మూలం చెప్పి, అదే లైసెన్సు కింద ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. రాసిన పేరా రేపు గుర్తుపట్టలేనంతగా మారినా ఫిర్యాదు చేయడానికి లేదు.

ఆ త్యాగానికి ప్రతిఫలంగా దక్కేది ఆయుష్షు. వికీపీడియా మొత్తం పాఠ్యాన్ని ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఒక్క రచయిత పోయినా, వందమంది మానేసినా పుట ఉంటుంది. బ్లాగు ఆయుష్షు మాత్రం ఒక మనిషికీ ఒక కంపెనీకీ ముడిపడి ఉంటుంది. యాహూ 2009లో జియోసిటీస్‌ను మూసేసింది. పోస్టరస్ బ్లాగు సేవ 2013లో ఆగిపోయింది. సొంత డొమైన్ పెట్టుకున్నవారు ఏటా చందా కట్టాలి. కట్టే మనిషి పోయాక పాస్‌వర్డ్ తెలియని కుటుంబం చూస్తూండగానే పదేళ్ల రాత మాయమవుతుంది. ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి 'వేబ్యాక్ మెషీన్' కొన్నిటిని కాపాడుతుంది గాని అన్నిటినీ కాదు.

ఏది ఎప్పుడు?

అభిప్రాయం, అనుభవం, సమీక్ష, ప్రయాణం, మొదటిసారి బయటపెడుతున్న సమాచారం రాయాలంటే బ్లాగు సరైనది. నలుగురు కలిసి నిలబెట్టుకోవాల్సినది, తరచూ మారేది, విషయం పేరుతో వెతికేది అయితే వికీ సరైనది. ఒక సంస్థ తన ప్రకటనలకు బ్లాగు పెట్టుకుని, ఉద్యోగుల పని నిబంధనలకు లోపల వికీ పెట్టుకుంటే సరిపోతుంది. ఒక కళాశాల తెలుగు శాఖ విద్యార్థుల వ్యాసాలకు బ్లాగు, మాండలిక పదాల పట్టికకు వికీ వాడుకోవచ్చు. ఇద్దరు మనుషులు మాత్రమే ఉన్న చోట వికీ పెడితే అది బీడుపడుతుంది. ఇరవైమంది కలిసి రాసే చోట బ్లాగు పెడితే ఎవరేం రాశారో ఎవరికీ దొరకదు.

తెలుగు వరకూ చూస్తే చేయాల్సింది స్పష్టంగానే ఉంది. నీరటికాడి మనవరాలు ముందు తన బ్లాగులో రాయాలి. చెప్పినవారి పేరు, ఊరు, తేదీ వేయాలి. ఆయన గొంతు రికార్డు చేసి ఉంచాలి, తూము ఫొటో తీయాలి. ఆ ఫొటోను స్వేచ్ఛా లైసెన్సు కింద ఇవ్వగలిగితే వికీమీడియా కామన్స్‌లో పెట్టవచ్చు. ఊరి పుటలో జనాభా లెక్కల పక్కన చెరువు బొమ్మ చేరుతుంది. ఆ టపాల నకలు ఇంకోచోట భద్రపరచాలి, పాస్‌వర్డ్ ఇంట్లో ఒకరికి చెప్పాలి. పత్రికలో పనిచేసేవారు అలాంటి టపాలు చదివి ఆ ఊళ్లకు వెళ్లాలి. అలా అచ్చయినది రేపు వికీలో మూలంగా నిలుస్తుంది.

లక్ష దాటిన వ్యాసాల్లో మన ఊరి పుట ఉందో లేదో, ఉంటే అందులో జిల్లా పేరు ఇప్పటిదో పాతదో చూడటానికి ఐదు నిమిషాలు చాలు. పైన 'మార్చు' మీట ఉంటుంది. ఆ ఊరి గురించి మూలం చూపలేని సంగతి ఏదైనా మనకు తెలిస్తే, దాన్ని రాసుకునే చోటు వేరే ఉంది. అక్కడ రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. చెప్పగలిగిన పెద్దవాళ్లు ఉండగానే అడిగి రాసుకోవాలి.